మిల్లుకో లెక్క, సాఫ్ట్‌వేర్ ఒకటే: లోపల స్క్రిప్టింగ్ ఇంజిన్ పెట్టాలంటే

ప్రశ్న: కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు రైస్ మిల్లులకు ధాన్యం కొనుగోలు సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తున్నాను. సి షార్ప్‌లో రాసిన విండోస్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. మిల్లు మిల్లుకీ తరుగు లెక్క వేరు. ఒక్కోదానికి కోడ్‌లో ఒక ఇఫ్ (ఇలా ఉంటే ఇలా చెయ్యి అనే షరతు) పెట్టుకుంటూ పోయాను, ఇప్పుడు అందులో చెయ్యి పెట్టాలంటేనే భయంగా ఉంది. స్క్రిప్టింగ్ ఇంజిన్ (విడిగా రాసిన చిన్న కోడ్ ముక్కలను, అంటే స్క్రిప్టులను, ప్రోగ్రామ్ లోపలే నడిపేది) ఒకటి లోపల పెడితే ఈ గొడవ వదులుతుందని అంటున్నారు. పైథాన్, లువా, జావాస్క్రిప్ట్‌లలో ఏది మేలు? మిల్లువాళ్లే రాసుకునేలా ఎడిటర్ కూడా ఇవ్వాలా?

జవాబు: ఏ ఇంజిన్ అన్నది కాసేపు పక్కన పెట్టండి. అది ఒక పూటలో తేలిపోయే విషయం, రేపు నచ్చకపోతే మార్చుకోనూ వచ్చు. ఒకసారి పది మిల్లుల్లో దిగాక మార్చలేనిది ఇంకొకటుంది: స్క్రిప్టు చేతికి మీరేం ఇస్తారు, దాని దగ్గర నుంచి ఏం తీసుకుంటారు. నేను ఒంగోలులో ఉంటూ చీమకుర్తి గ్రానైట్ వాళ్లకీ, ధాన్యం వ్యాపారులకీ ఇలాంటి ప్రోగ్రాములే రాస్తుంటాను. ఈ పద్ధతి నడిచిన చోటల్లా ఒకటే గమనించాను. స్క్రిప్టు లెక్క కట్టి చెబుతుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. డేటాబేస్‌లో రాయడం, బిల్లు ప్రింట్ కొట్టడం, రైతు ఖాతాలో జమ చేయడం అన్నీ అసలు ప్రోగ్రామే చేస్తుంది. ఈ గీత చెరిగిపోయిన చోట తర్వాత ఏ ఇంజిన్ పెట్టినా తలనొప్పే.

ముందు అసలు స్క్రిప్టు అవసరమా అన్నది చూద్దాం. మీ ఇఫ్‌లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కొన్నింటిలో మారేది అంకె మాత్రమే. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు, పక్క జిల్లా వ్యాపారికి 75 కిలోల బస్తా, ప్రభుత్వ కొనుగోలు అయితే క్వింటాలు. గోతానికి ఎంత తీయాలి, బస్తాకు హమాలీ ఎంత, ఇవీ అంతే. వీటికి సెట్టింగ్స్ టేబుల్లో ఒక వరుస చాలు. ఇంకొన్నింటిలో సూత్రం మారుతుంది. ప్రభుత్వ ప్రమాణంలో తేమ గరిష్ఠంగా 17 శాతం కాబట్టి ఒక మిల్లు అక్కడి నుంచి శాతానికి శాతం తీస్తుంది, ఇంకో మిల్లు 19 దాకా ఊరుకుని ఆపైన శాతానికి ఒకటిన్నర తీస్తుంది. వీటికి ఒక్క వరుస ఎక్స్‌ప్రెషన్ సరిపోతుంది. చివరికి మిగిలేవే నిజంగా స్క్రిప్టు కావాల్సినవి: ఒకే లోడులో రెండు రకాల వడ్లు రావడం, ముందుగా అడ్వాన్సు తీసుకున్న రైతుకు వడ్డీ పట్టుకోవడం, నెల మొత్తం తెచ్చిన సరుకును బట్టి దళారీ కమీషన్ మారడం లాంటివి. ఇవి ఎప్పుడూ కొన్నే ఉంటాయి. వీటి కోసం అన్నింటినీ స్క్రిప్టులోకి తోసేస్తే హమాలీ అర్ధరూపాయి పెరిగినా రాత్రి తొమ్మిదింటికి మీకే ఫోన్ వస్తుంది.

ఎక్స్‌ప్రెషన్ అంటే ఎంత ఉంటుందో చూడండి:

తేమ > 17 ? బరువు * (తేమ - 17) / 100 : 0

తేమ 17 దాటితే దాటినంత శాతం బరువు తీయి, లేదంటే సున్నా అని దీని అర్థం. ఇది అలంకారానికి తెలుగులో రాసింది కాదు, సరైన జావాస్క్రిప్టే. వేరియబుల్ పేర్లలో యూనికోడ్ అక్షరాలను ఆ భాష ప్రమాణం ఒప్పుకుంటుంది, పైథాన్ 3 కూడా ఒప్పుకుంటుంది. మామూలు లువా ఒప్పుకోదు, దానికి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరే. మీ దగ్గర సపోర్టుకు తిరిగే కుర్రాడు, మిల్లు గుమాస్తా ఇద్దరూ పై వరుసను ఒక్కసారి చూసి అర్థం చేసుకోగలరు, నా దృష్టిలో అది చిన్న లాభం కాదు. కాకపోతే తెలుగు పేర్లలో ఒక కనపడని ముల్లుంది. ‘రేట్’ లాంటి పొల్లుతో ముగిసే పేరు చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం పెడతాయి, కొన్ని పెట్టవు. తెరమీద రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. జావాస్క్రిప్ట్ మాత్రం వాటిని రెండు వేర్వేరు పేర్లుగా చూసి ‘రేట్ అనేది తెలియదు’ అంటుంది. కళ్లు కాయలు కాచేలా చూసినా తప్పు దొరకదు. కాబట్టి పొల్లుతో ముగిసే పేర్లు పెట్టకండి (రేటు అనండి). స్క్రిప్టు సేవ్ అయ్యేటప్పుడు పేర్లలో ఆ అక్షరం ఉంటే తీసేయండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇంజిన్ లోపల పెట్టిన మొదటి నెలలో వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇక్కడివే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. నికర బరువు 8,620 కిలోలు, తేమ 19, పుట్టి 20,000 రూపాయలు అనుకుందాం. పై సూత్రం ప్రకారం తరుగు 172.4 కిలోలు. మిగిలింది 8,447.6. దాన్ని 850తో భాగిస్తే 9.938353 పుట్లు, ధర 1,98,767.06 రూపాయలు. గుమాస్తా చేతి లెక్కలో పుట్లను రెండు దశాంశాలకు సర్ది 9.94 అంటాడు, ధర 1,98,800 అవుతుంది. ఇంకో మిల్లు ముందు కిలోలను సర్ది 8,448 తీసుకుంటుంది, అప్పుడు 1,98,776.47. మూడింటిలో ఏదీ తప్పు కాదు, ఏది ఎప్పుడు సర్దాలన్నది ఆ మిల్లు ఆచారం. కానీ యజమాని ఫోన్ చేసేది ఇలా: “ఏందయ్యా, నా చేతి లెక్కకీ నీ మిషన్ లెక్కకీ ముప్పై మూడు రూపాయలు తేడా వస్తా ఉంది, ఏంది కథ?” ఆయన అడిగింది న్యాయమే. కాబట్టి సర్దుబాటు కూడా నియమంలో భాగమని ముందే ఒప్పుకుని, ఏ అంకెను ఎన్ని దశాంశాలకు సర్దాలో సెటింగ్‌లో ఉంచండి.

దీని కింద భాషల తేడా ఇంకొకటుంది. సి షార్ప్‌లో మ్యాథ్ రౌండ్ వట్టిగా పిలిస్తే సగం వచ్చినప్పుడు సరిసంఖ్య వైపు పోతుంది, 2.5 కాస్తా 2 అవుతుంది. జావాస్క్రిప్ట్ మ్యాథ్ రౌండ్ అదే 2.5ను 3 చేస్తుంది. అంటే అసలు ప్రోగ్రామ్ ఒకలా, స్క్రిప్టు ఒకలా సర్దుతాయి. పైగా జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ డబుల్ రకం, అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచేవి. 1.005ను 100తో గుణిస్తే 100.5 రాదు, 100.49999999999999 వస్తుంది. మీరు సి షార్ప్‌లో ఎంతో జాగ్రత్తగా డెసిమల్ (దశాంశాలను ఖచ్చితంగా దాచే రకం) వాడినా, ఆ విలువ ఇంజిన్‌లోకి వెళ్లి మామూలు సంఖ్యగా మారిన క్షణంలో ఆ జాగ్రత్త పోయినట్టే. నేను చేసేది ఏంటంటే, డబ్బు పైసల్లో, బరువు గ్రాముల్లో పూర్ణాంకాలుగా పంపిస్తాను. డబుల్ 9,007,199,254,740,991 వరకు పూర్ణాంకాలను తేడా లేకుండా పట్టుకుంటుంది, ఏ రైస్ మిల్లుకైనా అది చాలు. సర్దడానికి స్క్రిప్టుకు సొంత దారి వదలకుండా అసలు ప్రోగ్రామ్ నుంచే ‘సర్దు’ అనే ఒక ఫంక్షన్ ఇస్తాను. అప్పుడు సర్దుబాటు ఎక్కడ జరిగినా ఒకే కోడ్ గుండా జరుగుతుంది.

ఇక అసలు సంగతి, స్క్రిప్టు చేతికి ఏం ఇవ్వాలి. కొత్తగా చేసేవాళ్లు బిల్లు ఆబ్జెక్టును అలాగే ఇంజిన్‌కు అప్పగిస్తారు, పని తేలిక కాబట్టి. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్‌లో (సి షార్ప్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) లేజీ లోడింగ్ (ముట్టుకున్నప్పుడే డేటా తేవడం) పెట్టుకుని ఉంటే స్క్రిప్టు ‘బిల్లు, రైతు, పాత బిల్లులు’ అంటూ లోపలికి వెళ్లిన ప్రతి అడుగుకూ వెనకాల డేటాబేస్‌కు ఒక ప్రశ్న పోతుంది. ఒక లూపు రాస్తే వందల ప్రశ్నలు, ‘కాటా దగ్గర సాఫ్ట్‌వేర్ స్లో’ అని ఫిర్యాదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ ఆబ్జెక్టులో విలువ మారిస్తే అది తర్వాతి సేవ్‌లో ఎవరికీ చెప్పకుండా డేటాబేస్‌లోకి దిగిపోతుంది. అందుకని స్క్రిప్టుకు ఇచ్చేది ఒక నకలు మాత్రమే ఉండాలి: బరువు, తేమ, రకం, సంచులు, రేటు, అడ్వాన్సు బాకీ, ఈ నెల తెచ్చిన సరుకు. ముందే లెక్కగట్టి చదునుగా పెట్టిన పది పన్నెండు విలువలు. వాటి పేర్లు ఒకసారి బయటికి వెళ్లాక మళ్లీ మార్చకండి. కొత్తవి చేర్చుకోవచ్చు, పాతదాని పేరు గానీ అర్థం గానీ మార్చకూడదు.

తిరిగి తీసుకునేది కూడా ఒక్క మొత్తం అంకె కాకూడదు. వరుసల జాబితా తీసుకోండి, ప్రతి వరుసలో కారణం, బరువు లేదా సొమ్ము. ‘తేమ తరుగు 172.4 కిలోలు’, ‘గోతాల తరుగు ఇంత’, ‘హమాలీ ఇంత’. బిల్లు మీద అవే అచ్చవుతాయి. పుట్టికి 850 బదులు ఇంకో యాభయ్యో వందో లాగే లెక్కలు మీ జిల్లాలో ఉన్నాయని రైతులు ఏటా మొత్తుకుంటూనే ఉన్నారు. అలాంటి తరుగును పేరు లేకుండా మొత్తంలో కలిపేయమని ఎవరైనా అడిగితే, వరుసలు లేకుండా మా ప్రోగ్రామ్ బిల్లు ఇవ్వదని చెప్పేయండి. వరుసలన్నీ కూడి మొత్తంతో సరిపోతున్నాయా, నికర బరువు సున్నాకు తగ్గిందా, తరుగు సగటు కన్నా మరీ ఎక్కువుందా, ఇవన్నీ అసలు ప్రోగ్రామ్ చూసుకుని, తేడా ఉంటే బిల్లును ఆపాలి.

స్క్రిప్టుతో డేటాబేస్‌లో రాయిస్తే ఏమవుతుందన్నదానికి రెడిస్ (డేటాను మెమరీలో ఉంచే డేటాబేస్) మంచి ఉదాహరణ. అందులో 2.6 నుంచి లువా ఉంది. స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ వేరే ఎవరి పనీ మధ్యలో దూరదు, అందుకే దాన్ని ఇష్టపడతారు. మామూలు సెటింగ్‌లో స్క్రిప్టు 5 సెకన్లు దాటితే మిగతావాళ్లకు ‘బిజీ’ అన్న జవాబు వస్తుంది, స్క్రిప్టును చంపమని ఆజ్ఞ ఇవ్వొచ్చు. కానీ ఆ స్క్రిప్టు అప్పటికే ఏదైనా రాసి ఉంటే ఆ ఆజ్ఞ చెల్లదు. సగం రాసినదాన్ని అలా వదలకూడదు కాబట్టి, సేవ్ చేయకుండా సర్వర్‌నే ఆపేయడం తప్ప దారి ఉండదు. అంత పేరున్న ప్రోగ్రామ్‌కే అక్కడ వేరే మార్గం లేదు. మీ స్క్రిప్టు లెక్క మాత్రమే కడితే దాన్ని ఏ క్షణంలో చంపినా పోయేదేం లేదు, మళ్లీ నడుపుకోవచ్చు.

చంపాల్సిన అవసరం ఎందుకు వస్తుందని అనుకోకండి. రాసేది మన కుర్రాడే, దొంగ కాదు, నిజమే. కానీ వైల్ లూపులో ఒక ప్లస్ మరిచిపోతే చాలు, లూపు ఆగకుండా తిరుగుతూనే ఉండి కాటా మీద ట్రాక్టర్ నిలబడిపోతుంది. ఎన్ని స్టేట్‌మెంట్లు నడవొచ్చు, ఎంత సేపు, ఎంత మెమరీ, రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) ఎంత లోతు, ఈ నాలుగింటికీ హద్దు పెట్టండి. అడుగులు లెక్కపెట్టే హద్దు ఒక్కటే ఉంటే సరిపోదు. లువాలో ఒక అక్షరాన్ని వంద కోట్ల సార్లు అతికించే స్ట్రింగ్ ఫంక్షన్‌ను పిలిస్తే లోపల అదంతా ఒకే సి ఫంక్షన్‌లో జరుగుతుంది, అడుగులు లెక్కపెట్టే హుక్‌కు (మధ్యమధ్యలో ఆపి చూసే మన ఫంక్షన్) మధ్యలో సందు దొరకదు. మెమరీ హద్దు విడిగా ఉండాల్సింది అందుకే.

ఇప్పుడు ఇంజిన్ల మాట. పైథాన్ అందరికీ వచ్చు, నిజమే, కానీ దాన్ని ఒక గదిలో పెట్టి తాళం వేయడం కుదరదు. ఆ భాష వాళ్లే రెక్స్‌ఎక్ అనే మాడ్యూల్‌తో ప్రయత్నించి, 2.3లో దాన్ని పనిచేయకుండా చేసి, 3.0లో పూర్తిగా తీసేశారు. డాట్‌నెట్‌లో (సి షార్ప్ ప్రోగ్రాములు నడిచే వేదిక) వాడే ఐరన్‌పైథాన్ అనే రూపం పైథాన్ 3.4 స్థాయి దగ్గరే ఉంది, సి ఎక్స్‌టెన్షన్లతో నడిచే లైబ్రరీలు అందులో మామూలుగా పనిచేయవు. పైథాన్ కావాలని అడిగేవాళ్లు అడిగేది ఆ లైబ్రరీల కోసమే కాబట్టి చివరికి రెండూ దక్కవు. రోస్లిన్ అనే సి షార్ప్ కంపైలర్‌తో సి షార్ప్ ముక్కలనే స్క్రిప్టుగా నడపొచ్చు, వేగంగా కూడా ఉంటుంది. అయితే ఆ స్క్రిప్టుకు మీ ప్రోగ్రామ్‌కున్న హక్కులన్నీ ఉంటాయి, ఫైళ్లు తుడిచేయగలదు. ఇంకొకటి, కంపైల్ చేసిన ప్రతి ముక్కా ఒక అసెంబ్లీగా (కంపైలైన కోడ్ మూట) మెమరీలోకి ఎక్కుతుంది, మామూలుగా లోడైన అసెంబ్లీని విడిగా దింపలేం. ఎక్స్‌ప్రెషన్‌ను బిల్లు బిల్లుకీ కొత్తగా కంపైల్ చేస్తే సాయంత్రానికి మిల్లు కంప్యూటర్ ఆయాసపడుతుంది.

లువా ఈ పనికే పుట్టింది. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది, పెద్ద ప్రోగ్రామ్ కడుపులో ఉండేలా చిన్నగా తీర్చారు. అడోబీ లైట్‌రూమ్, వైర్‌షార్క్, నియోవిమ్, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట, అన్నింటిలో అదే ఉంది. మీ ప్రోగ్రామ్ సి లేదా సి ప్లస్ ప్లస్‌లో ఉండుంటే ఇంకో మాట లేకుండా అదే పెట్టమనేవాణ్ని. అలా పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. లువాలో తప్పు జరిగితే సి వైపు లాంగ్‌జంప్‌తో పైకి దూకుతుంది, మధ్యలో ఉన్న సి ప్లస్ ప్లస్ ఆబ్జెక్టుల డిస్ట్రక్టర్లు (పని అయ్యాక శుభ్రం చేసే కోడ్) నడవకపోవచ్చు. లువానే సి ప్లస్ ప్లస్‌గా కంపైల్ చేసుకుంటే ఎక్సెప్షన్లు వాడుతుంది, ఆ చిక్కు ఉండదు. స్క్రిప్టును ఎప్పుడూ ప్రొటెక్టెడ్ కాల్ (తప్పు జరిగితే పట్టుకునే పిలుపు) ద్వారానే పిలవండి, లేదంటే చిన్న తప్పుకే మొత్తం ప్రోగ్రామ్ మూసుకుపోతుంది. కంపైలైన బైట్‌కోడ్‌ను లోడ్ కానివ్వకండి, టెక్స్ట్ మాత్రమే తీసుకోమనే పరామితి ఉంది. బైట్‌కోడ్‌ను పరీక్షించే భాగాన్ని 5.2లోనే తీసేశారు, చెడ్డ బైట్‌కోడ్ ఇస్తే ఇంటర్‌ప్రెటర్ కూలిపోగలదు.

మీది సి షార్ప్ కాబట్టి నా ఓటు జింట్‌కి. పూర్తిగా డాట్‌నెట్‌లో రాసిన జావాస్క్రిప్ట్ ఇంటర్‌ప్రెటర్, డాట్‌నెట్ బయట చేసిన డీఎల్ఎల్‌ల బెడద లేదు. 32 బిట్ విండోస్‌తో నెట్టుకొస్తున్న మిల్లు కంప్యూటర్లకు అదే హాయి. సమయం, స్టేట్‌మెంట్లు, మెమరీ, రికర్షన్ హద్దులు సెటింగ్స్‌లోనే ఉన్నాయి. డాట్‌నెట్ క్లాసులను మీరు తలుపు తెరిస్తే తప్ప స్క్రిప్టు చూడలేదు, ఆ తలుపు తెరవకండి. క్రోమ్ బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ ఇంజిన్ వి8 అంత వేగం ఉండదు, కానీ ఒక లోడుకు ఒక్కసారి నడిచే లెక్కకు వేగం ఎందుకు? లువా వాక్యనిర్మాణమే నచ్చితే మూన్‌షార్ప్ ఉంది, అదీ పూర్తిగా సి షార్ప్‌లోనిదే. లైసెన్సుల విషయంలో రెండింటికీ పేచీ లేదు. ఏది పెట్టినా మీ కోడ్‌లో ఇంజిన్ పేరు ఒకే ఒక్క క్లాసులో కనపడేలా చూసుకోండి. జావాతో పాటు 2014లో వచ్చిన జావాస్క్రిప్ట్ ఇంజిన్ నాస్‌హార్న్‌ను నమ్ముకున్నవాళ్లకు 2020లో జావా 15 నుంచి దాన్ని తీసేశాక ఎంత పని పడిందో జావా వాళ్లను అడగండి.

జింట్ ఇంజిన్‌ను ఒకే సమయంలో రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులు) వాడకూడదు. మీ దగ్గర ఇది ఎక్కడ తగులుతుందో చెబుతాను. వేబ్రిడ్జి ఇండికేటర్ సీరియల్ పోర్టు గుండా బరువు పంపుతుంది కదా, ఆ డేటా వచ్చినట్టు చెప్పే ఈవెంట్ తెర నడిపే థ్రెడ్ మీద రాదు, వేరేదాని మీద వస్తుంది. అందులోనే స్క్రిప్టును పిలిచి, అదే సమయంలో గుమాస్తా తేమ మారిస్తే తెర వైపు నుంచి కూడా పిలిస్తే, రెండూ ఒకే ఇంజిన్‌లో ఢీకొంటాయి. రోజూ జరగదు, మార్చి కోతల రద్దీలోనే జరుగుతుంది, మీ ఆఫీసులో ఎంత ప్రయత్నించినా కనపడదు. లెక్కకో కొత్త ఇంజిన్ పుట్టించి పారేయండి, స్క్రిప్టు పార్సింగ్ మాత్రం ఒకసారి చేసి దాచుకోండి. ఇలా చేస్తే ఇంకో రోగం కూడా పోతుంది: స్ట్రిక్ట్ మోడ్ (ఇలాంటి తప్పులను ఒప్పుకోని పద్ధతి) లేని జావాస్క్రిప్ట్‌లో ప్రకటించకుండా వాడిన పేరు గ్లోబల్ అవుతుంది, అంటే ఆ ఇంజిన్ ఉన్నంతసేపూ నిలిచిపోతుంది, ఇంజిన్ అదే ఉంటే ముందు ట్రాక్టర్ తరుగు తర్వాతి ట్రాక్టర్ బిల్లులో తేలుతుంది. స్ట్రిక్ట్ మోడ్ ఎలాగూ పెట్టండి.

స్క్రిప్టు ఫెయిలైతే ఏం చేయాలన్నది చాలామంది ఆఖరున ఆలోచిస్తారు. కాటా దగ్గర వరుసగా ట్రాక్టర్లు ఉంటాయి, గుమాస్తాకు ఇంగ్లిష్‌లో పది లైన్ల ఎర్రర్ చూపిస్తే టెన్షన్ తప్ప ఉపయోగం లేదు. ‘తేమ విలువ రాలేదు, తేమ గడి నింపండి’ లాంటి తెలుగు వాక్యం తెరమీద రావాలి. స్క్రిప్టు పేరు, వెర్షన్, లైన్ నంబరు, ఇచ్చిన విలువలు లాగ్‌లోకి పోవాలి. తప్పు సరిదిద్దేలోపు ట్రాక్టర్‌ను ఆపకుండా స్థూల బరువు, ఖాళీ బరువు, తేమ నమోదు చేసి ‘లెక్క పెండింగ్’ అని చీటీ ఇచ్చి పంపేయాలి. మామూలు సూత్రంతో లెక్క కట్టేసి నడిపించేయడం మాత్రం వద్దు. ఆ బిల్లు రైతు చేతికి వెళ్లాక తప్పని తేలితే సమాధానం చెప్పాల్సింది మిల్లు యజమాని, ఆయన తర్వాత మీరు.

స్క్రిప్టును ఉన్నచోటే దిద్దనివ్వకండి. ప్రతి మార్పూ కొత్త వెర్షన్, ఏ తేదీ నుంచి అమలో దానికి రాసి ఉండాలి. ప్రతి బిల్లుతో పాటు వాడిన వెర్షన్, లోపలికి పంపిన విలువలు, బయటికొచ్చిన వరుసలు దాచాలి. రైతు మూణ్నెల్ల తర్వాత వచ్చి నకలు అడిగితే దాచిన వరుసలనే అచ్చు వేయాలి, మళ్లీ లెక్క కట్టకూడదు. ఈ విలువలన్నీ దాచుకుంటే ఇంకో మంచి పని కుదురుతుంది. కొత్త వెర్షన్ అమల్లోకి రాకముందు పోయిన సీజన్ బిల్లులన్నీ దానిమీద నడిపి, పాత ఫలితంతో తేడా వచ్చినవి మాత్రమే చూపించే చిన్న తెర ఒకటి చేయండి. ‘తేమ 19 దాటిన లోడులు మాత్రమే మారాలి’ అని మీరు అనుకుంటే, 16 శాతం ఉన్న లోడు ఒకటి ఆ జాబితాలో కనపడగానే విషయం తెలిసిపోతుంది. డేటాబేస్‌లో స్క్రిప్టు రాయదు కాబట్టే ఇది సాధ్యం, వేల బిల్లులు నడిపినా ఖాతాల్లో రూపాయి కదలదు.

స్క్రిప్టు మిల్లుకు ఎలా చేరుతుందో కూడా చూసుకోండి. చాలాచోట్ల ఫైలు వాట్సాప్‌లో పంపి ‘ఫోల్డర్‌లో వేయండన్నా’ అంటారు. ఫోల్డర్‌లో ఉన్న టెక్స్ట్ ఫైలును నోట్‌ప్యాడ్‌తో ఎవరైనా తెరుస్తారు, 17ను 15 చేయడానికి ప్రోగ్రామర్ అవసరం లేదు. పాత విండోస్‌లో నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీలో (తెలుగు అక్షరాలు పట్టని పాత పద్ధతి) సేవ్ చేస్తుంది, తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్ 8 మామూలైంది విండోస్ 10 లోని 1903 వెర్షన్ నుంచే. ఫైలుకు మీ డిజిటల్ సంతకం ఉండాలి, దిగుమతి చేసినప్పుడు సంతకం సరిచూసి డేటాబేస్‌లోకి తీసుకోవాలి, ఆ తర్వాత ఫోల్డర్‌తో సంబంధం ఉండకూడదు.

ఎడిటర్ సంగతి. మిల్లువాళ్లకు స్క్రిప్టు ఎడిటర్ ఇవ్వకండి. వాళ్లకు కావాల్సింది హమాలీ, గోతం తరుగు, తేమ హద్దు మార్చుకునే తెర, అది సెట్టింగ్స్ టేబులే. మన ఊళ్లలో టాలీ ఎలా నడుస్తోందో చూడండి. కంపెనీ దాన్ని అవసరానికి తగ్గట్టు మార్చుకోవడానికి టీడీఎల్ అనే భాషను ఇచ్చింది, కానీ షాపు యజమాని దాన్ని ముట్టుకోడు, నెల్లూరు ట్రంకురోడ్డులోనో ఒంగోలులోనో దాన్ని రాసే మనిషి ఒకడుంటాడు, ఆయనకు ఫోన్ చేస్తారు. మీకు కూడా ఆ మనిషే వాడుకరి, అంటే మీ సపోర్టు కుర్రాడు. ఆయనకు మాత్రం మంచి ఎడిటర్ కావాలి: పక్కనే అందుబాటులో ఉన్న పేర్ల జాబితా, నొక్కితే పేరు దానంతటదే పడిపోవడం (కీబోర్డు తంటా కూడా తప్పుతుంది), కింద నిన్నటి లోడు ఒకటి తీసుకుని లెక్క నడిపి వరుసలు చూపే బటన్. రంగు రంగుల సింటాక్స్, ఆటో కంప్లీట్ తర్వాత చూసుకోవచ్చు. మొదట ఒకే ఒక్క మిల్లులో, తేమ తరుగు ఒక్కదాన్నే ఎక్స్‌ప్రెషన్‌గా బయటికి తీసి, పాత ఇఫ్‌ను అలాగే ఉంచి రెండు లెక్కలూ పక్కపక్కన నడపండి. సీజన్ మధ్యలో మార్చకండి, ఏప్రిల్ దాటనివ్వండి.